పేడనీళ్ళ మర్యాద

మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పెద్దవాళ్ళ ఫొటో ఒంటరిగా కనబడిందంటే పుట్టినరోజైనా అయ్యుండాలి, పోయైనా ఉండాలి. హిందీ మేడమ్ ఫొటో వచ్చిన పొద్దున మొదట చూసినవాడు తొందరపడి "హ్యాపీ బర్త్‌డే మేడమ్, నిండు నూరేళ్ళు" అని కేకు బొమ్మ పెట్టేశాడు. వాడి వెనకే మరికొందరు కేకులు పెట్టారు. కాసేపటికి చర్చి సంఘపెద్ద వచ్చి, మేడమ్ ప్రభువు సన్నిధికి చేరారని రాశాక కేకులన్నీ గబగబా మాయమై, దండాలు పెట్టే చేతులు వచ్చాయి. మేడమే గనక అది చూసి ఉంటే కేకు పెట్టినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, "మరి ఆ నూరేళ్ళు ఎవరిత్తారు, నువ్విత్తావేటి?" అని అడిగి ఉండేది.

హుకుంపేట వైపు మా ఊరి ఆశ్రమ పాఠశాలలో ఆవిడ హిందీ చెప్పేది. మేం ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. బళ్ళో అడుగుపెట్టాక తెలుగు నేర్చుకునేవాళ్ళం, తెలుగుకి నోరు తిరిగేలోపు ఇంగ్లీషు వచ్చి పడేది, ఆ రెంటి మధ్యలోకి ఈవిడ గొడుగేసుకుని హిందీతో దిగేది. "మీకు హిందీ రాదు, అది నాకు తెలుసు. నాకూ అంతంతమాత్రమే, అది పైవోళ్ళకి తెలీదు. గొడవలు పెట్టుకోకుండా అందరం పాసైపోదాం" అని మొదటిరోజే మాతో ఒప్పందం చేసుకునేది. మేము నిజంగానే అందరం పాసయ్యేవాళ్ళం. లెక్కల మాస్టారు ఎంతో నిష్ఠగా చెప్పిన లెక్కల్లో మాత్రం వరసగా తప్పేవాళ్ళం.

ఎండాకాలంలో కూడా చెవులు కప్పే మంకీ క్యాపు, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, చంకలో గొడుగు. అరకు చలి ఆవిడకు పడదు. వాన పడదు. మంచైతే మరీ పడదు. దిగువ నుంచి జనం కార్లు కట్టించుకుని వచ్చి ఆ మంచు ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే, "ఇక్కడ ఆరేసిన సీర వారమైనా ఆరదు. దీన్ని సూడ్డానికి డబ్బులెట్టుకుని వత్తారేటి" అని విస్తుపోయేది. ఆవిడది విజయనగరం పక్క పల్లె. ఉద్యోగం ఇక్కడ వేశారు కనక వచ్చిందట, లేకపోతే ఈ కొండల మొహం చూసేది కాదట. "వచ్చీ జూన్లో ట్రాన్స్‌ఫరు, ఎల్లిపోతాను" అన్న మాట నేను ఆరో తరగతిలో విన్నాను. డిగ్రీలో చేరినప్పుడూ విన్నాను. ఆవిడ రిటైరయ్యాక కూడా విన్నాను. రిటైరైనవాళ్ళకి ట్రాన్స్‌ఫర్లుండవు మేడమ్ అంటే, "గవర్నమెంటు సంగతి నీకు తెలీదు. మర్చిపోయి ఇచ్చీగలదు" అంది.

ఎలాగూ వెళ్ళిపోయే మనిషి కనక చర్చి పక్కన అద్దెకున్న ఇంట్లో మంచి కుర్చీ కొనలేదు, గోడకు మేకు కొట్టలేదు, పెరట్లో ఒక్క మొక్క నాటలేదు. మొక్కేస్తే పీకి బస్సులో పట్టుకెళ్ళగలమా అనేది. ఎప్పుడో తిని వంటింటి కిటికీలోంచి పారేసిన పనసగింజ మాత్రం ఈ సంగతి తెలియక మొలిచి, పెరిగి, వీధంతటికీ కాయలిచ్చేంత చెట్టయింది. ఎవరైనా మెచ్చుకోబోతే, "నేను నాటింది కాదమ్మా, పారీసింది" అని వెంటనే తప్పించుకునేది. పెళ్ళి చేసుకోలేదేమని అడిగినవాళ్ళకి కూడా ట్రాన్స్‌ఫరు రానీ, చూద్దాం అని చెప్పేదట. అడిగినవాళ్ళు పోయారు గానీ ట్రాన్స్‌ఫరు రాలేదు.

ఊళ్ళో ఎవరు ఏ పరీక్ష పాసైనా వాళ్ళింటికి వచ్చేది. అందరూ మిఠాయి తిని అభినందనలు చెప్పి వెళ్ళేవాళ్ళు. ఈవిడ మిఠాయి తిని, గడప మీద కూచుని, గొడుగు నిలబెట్టి దాని పిడి మీద గడ్డం ఆనించి, "మరి ఏటి సేత్తావు?" అని అడిగేది. పదో తరగతి పాసైనవాడు ఇంటర్ అనేవాడు. ఇంటరైనవాడు డిగ్రీ అనేవాడు. డిగ్రీ అయినవాళ్ళు కొంచెం నీళ్ళు నమిలి, పీజీ అనేవాళ్ళు. ఆవిడ తృప్తిగా తలాడించేది. పీజీ అయినవాళ్ళ దగ్గరకొచ్చేసరికి మెట్లన్నీ అయిపోయేవి. ఆ ప్రశ్న వినపడగానే వాళ్ళకు అర్జంటుగా పొలంలో పని గుర్తొచ్చేది.

నేను దిగువన యూనివర్సిటీలో ఆంత్రోపాలజీలో ఎం.ఏ. చేశాను. అంటే మనుషుల గురించిన చదువు. ఏ మనుషుల గురించి అంటే ముఖ్యంగా మా గురించే. మా అమ్మ ఏ పండగ ఎందుకు చేస్తుందో, మా మేనత్తలు నాకు ఏమవుతారో, ఎన్నడూ కొండెక్కని ఒకాయన బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెబితే నేను శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను. ఒక పరీక్షలో మా చుట్టరికాల మీదే ప్రశ్న వస్తే నాకు తక్కువ మార్కులొచ్చాయి. పుస్తకంలో ఉన్నట్టు రాయకుండా మా ఇంట్లో ఉన్నట్టు రాశానట. మా నాన్న మాత్రం సంతలో అందరికీ మా అమ్మాయి మనుషుల చదువు పాసైందని చెప్పి, అది డాక్టరు చదువేనని నమ్మిన ముసలామెకు మోకాళ్ళ నొప్పుల గురించి కూడా నన్ను అడిగిపెడతానని మాటిచ్చాడు.

పట్టా చేతికొచ్చాక ఊళ్ళో ఒక్క నెల ఉన్నాను. ఆ నెలలో నాకు సలహా ఇవ్వనివాళ్ళు పాలు తాగే పిల్లలు మాత్రమే. పాస్టరుగారు బైబిలు కాలేజీ అన్నారు. బస్సు కండక్టరు టికెట్టు చింపుతూ గ్రూప్స్ అన్నాడు. అరకులో రిసార్టులో పనిచేసే మా చిన్నాన్న కొడుకు రిసెప్షన్‌లో ఖాళీ ఉంది, ఇంగ్లీషు వచ్చిన ట్రైబల్ గుంటలంటే, అదే ఆడపిల్లలంటే, గెస్టులకి ఇష్టం అన్నాడు. నేను అందరికీ తలూపాను. ఆ తలూపుడులోనే నెల గడిచింది. లోపల మాత్రం భయంగా ఉండేది. ఊరంతటికీ మొదటి పీజీ ఆడపిల్లని. ఏదో ఒకటి చేసి అది చెడితే, నా తర్వాతి పిల్లని చదివించకపోవడానికి ఊరికి నేనొక సాకునవుతాను.

మేడమ్ ఒక సాయంత్రం వచ్చింది. మిఠాయి తింది. గొడుగు మీద గడ్డం ఆనించింది.

"మరి ఏటి సేత్తావు?"

"బీఈడీ చేద్దామని ఉంది మేడమ్."

"సేసి?"

"డీఎస్సీ రాస్తాను."

"అదెప్పుడు పడతాది?"

"తెలీదు."

"అంటే ఎదురుసూడ్డం కోసం సదువుతావన్నమాట. దానికి బీఈడీ ఎందుకే, బస్టాండు సాల్దేటి?"

"పోనీ గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్తాను."

"ఎల్లు. మనోళ్ళు అందులో నలుగురెల్లినారు. ఇప్పుడు అక్కడే కోచింగు సెప్తన్నారు. ఆఫీసర్లని తయారుసేత్తారట, ఆళ్ళు తప్ప అందరూ అయిపోతారట."

మా అమ్మ లోపలి నుంచి టీ తెచ్చి ఇచ్చింది. కాఫీ తోట ఉన్న ఇంట్లో టీ తాగే దేశం మాది. నేను ధైర్యం తెచ్చుకుని చివరిది చెప్పాను. మా డిపార్టుమెంటు సారు పీహెచ్‌డీకి రమ్మంటున్నారు, ఇటుకల పండగ మీద చేయమంటున్నారు, ఈ పండగ వెళ్ళేలోగా ఏ సంగతీ చెప్పకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"మీ ఊరి పండగ మీద నువ్వేటి సేత్తావు?"

"మా ఊరు నాకు ఫీల్డు అవుతుందట. సారు చెప్పారు. ఖర్చు కూడా తక్కువ."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, మా అమ్మ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి నవ్వింది. "అయితే ఇక నుంచి అన్నం ఎట్టినప్పుడల్లా మీయమ్మ నీకు ఇంటర్వ్యూ ఇచ్చినట్టే."

నాకు ఒళ్ళు మండింది. "అన్నిటికీ వంకలు పెడుతున్నారు. మరి మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారో."

"నేను సెప్పను. సెప్తే నువ్వు సేసీసి, రేపు బాగోలేకపోతే నన్ను తిడతావు. ఇక్కడోళ్ళందరి తిట్లూ సాల్తన్నాయి నాకు" అని లేచి, గొడుగు విప్పి, వాన లేకపోయినా వేసుకుని వెళ్ళిపోయింది.

ఇటుకల పండగంటే చైత్రంలో మాకు పెద్ద పండగ. మగవాళ్ళు బాణాలూ గొడ్డళ్ళూ పుచ్చుకుని వేటకని అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ పట్టుకుని, వచ్చేపోయే బళ్ళనాపి, చిల్లర పుచ్చుకుని వదులుతారు. అడవి నుంచి ఏదైనా తెచ్చిన మగవాడికి మర్యాద. ఉత్త చేతుల్తో వచ్చినవాణ్ణి ఆడవాళ్ళు చుట్టుముట్టి, ఏం తెచ్చావని అడిగి, పేడ కలిపిన నీళ్ళు నెత్తిన పోస్తారు. ఇప్పుడు వేట నేరం కనక మగవాళ్ళంతా ఉత్త చేతుల్తోనే తిరిగి వస్తారు. ప్రభుత్వం అడవి జంతువుల్ని కాపాడింది గానీ పేడనీళ్ళ నుంచి మగవాళ్ళని కాపాడలేదు.

క్రైస్తవులు ఈ పండగలో కలవకూడదని పాస్టరుగారు ఏటేటా చెబుతారు. మేడమ్ ఆదివారం తప్పని మనిషి. అయినా పండగనాడు మంకీ క్యాపు పెట్టుకుని, చేతిలో ఒక నీలం ప్లాస్టిక్ మగ్గుతో గెడ దగ్గర తయారుగా ఉండేది. పాస్టరుగారు నిలదీస్తే, "నేను పండగకి రానేదు, రోడ్డు మీద నిలబడ్డాను. రోడ్డు ఆర్ అండ్ బీ వోళ్ళది" అని చెప్పింది. దానికి వాక్యం వెతుక్కుంటూ ఆయన చర్చి దారి పట్టారు.

ఆ ఏడు పండగకి మా సారు జీపులో వచ్చారు. దారి చూపడానికి అరకు దాకా ఎదురెళ్ళి, నేను సారు పక్కన కూచుని వచ్చాను. చేరతానని ఇంకా చెప్పలేదు, చేరనని కూడా చెప్పలేదు. ఊరి మలుపులో గెడ అడ్డం పెట్టి ఆడవాళ్ళు జీపు ఆపారు. సారు కెమెరా తీసి, "దిగి మాట్లాడించమ్మా, సహజంగా ఉండాలి" అన్నారు. నేను అట్ట, పెన్ను పుచ్చుకుని సహజంగా దిగాను. గెడ చివర పట్టుకుని ఉన్నది మా అమ్మ. నేను అమ్మ ముందు నిలబడి, నా నోటితోనే, "ఈ ఆచారానికి మీరిచ్చే ప్రాముఖ్యత ఏమిటి?" అని అడిగాను.

అమ్మ నన్ను చూసింది, అట్టని చూసింది, జీపుని చూసింది. చీర సర్దుకుని, ఎవరైనా ఆఫీసరు వస్తే మాట్లాడే తెలుగులో, "మీకు తెలీదేటండి, పూర్వం నుంచీ సేత్తన్నామండి" అంది. నా కన్నతల్లి నన్ను మీరు అంది. మా ఇంటి మాటలో ఏదో ఒకటి అని దాన్ని సరిచెయ్యాలనుకున్నాను గానీ సారు కెమెరా తిరుగుతూ ఉంది.

ఇంతలో మేడమ్ మగ్గుతో ముందుకొచ్చింది.

"ఏటి తెచ్చావే?"

"ఏంటి మేడమ్?"

"అడివికెల్లొచ్చినోళ్ళని అడుగుతాం కదేటి. నువ్వు అంత దూరం ఎల్లొచ్చావు. ఏటి తెచ్చావు?"

చేతిలో అట్ట చూసుకున్నాను. "ఏం తేలేదు" అన్నాను.

మగ్గు నిండా పేడనీళ్ళు నా నెత్తిన పడ్డాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టి, మరుక్షణం విరగబడి నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. సారు జీపులోంచి ముందుకు వంగి, "ఆడవాళ్ళ మీద కూడా పోస్తారా? ఇది ఎక్కడా రికార్డు కాలేదు, చాలా ముఖ్యం" అని పుస్తకంలో రాసుకున్నారు. తర్వాత ఏదో సెమినార్‌లో ఆయన దీన్ని ఈ ప్రాంతపు ప్రాచీన ఆచారంగా చదివారని విన్నాను. ఆ ప్రాచీనత మొదలైనప్పుడు నేను అక్కడే ఉన్నాను.

అది చాలదన్నట్టు వెనక కారులో వచ్చిన టూరిస్టు కుటుంబం దిగింది. ఒకామె నా దగ్గరకొచ్చి, పేడ తన చున్నీకి అంటకుండా చూసుకుంటూ నా పక్కన నిలబడి, వాళ్ళాయనతో, "తీయండి, ఒరిజినల్ ట్రైబల్" అంది. నేను ఎం.ఏ. ఆంత్రోపాలజీనని చెబుదామనుకున్నాను గానీ ఆమెకు ఒరిజినల్ కావాలి. నవ్వమంది. నవ్వాను.

కడుక్కోవడానికి మేడమ్ ఇంటి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాను. పనసచెట్టు కింద నిలబడి తల రుద్దుకుంటూ ఏడ్చాను. ఆవిడ తువ్వాలు తెచ్చి, గుమ్మంలో కూచుని చూస్తూ ఉంది.

"అందరిలో నా పరువు తీశారు."

"పరువేటే. ఊళ్ళో మీ పెద్దనాన్న ఉన్నాడా, ఒళ్ళు బద్ధకంతో అడివి మొహం సూడ్డు. ఆయన మీద ఎవరైనా ఎప్పుడైనా పేడనీళ్ళు పోసేరా?"

"లేదు."

"ఎందుకు పోత్తారు. ఆయన ఎల్తే కదా. ఆ నీళ్ళు ఎల్లొచ్చినోళ్ళకేనే. నువ్వు నెల్నాళ్ళుగా అందరికీ తలూపుతా, ఉత్త సేతుల్తో వచ్చీగలనేమో అని బయలెల్లడమే మానీసినావు. అయిపోయింది కదా ఇప్పుడు. సచ్చిపోనావేటి?"

నేను తల తుడుచుకుని, ఉక్రోషంగా అడిగాను. "మీ చదువయ్యాక మీరేం నిర్ణయించుకున్నారు?"

ఆవిడ మంకీ క్యాపు తీసి మోకాలి మీద పెట్టుకుంది. ఆ తల నెరిసిందని నాకు అప్పుడే తెలిసింది.

"నేనేటీ నిర్ణయించుకోనేదే గుంటా. పోస్టింగిచ్చారు, బస్సెక్కినాను. ఆ బస్సు ఇక్కడి వరకే వత్తాది. దిగి, ఎల్లిపోవాలో ఉండాలో రేపు ఆలోసిద్దాం అనుకున్నాను. ఆ రేపు ఇదిగో ఇలగ గడిసిపోనాది. బాధేటీ నేదు, బాగానే ఉన్నాది. కానీ నేను ఎంచుకుని ఉంటే ఇంకొంచెం బాగుండీదేమో. అందుకే ఆ మాట అందరినీ అడుగుతాను. నన్నెవరూ అడగనేదు మరి."

అంత మెత్తగా ఆవిడ మాట్లాడటం అదొక్కసారే విన్నాను. వెంటనే క్యాపు పెట్టేసుకుని, "సబ్బు అరగదీసీకు, కొత్తది" అంది.

ఆ రెండోరోజున సారుకి ఫోన్ చేశాను. పీహెచ్‌డీ చేస్తాను గానీ మా పండగ మీద కాదు, అరకు వచ్చే టూరిస్టుల మీద అన్నాను. వాళ్ళు ఎందుకొస్తారు, మంచు ముందు నిలబడి ఎందుకు చేతులు చాపుతారు, రిసార్టులో మా ఆడవాళ్ళ మధ్య దూరి థింసా ఎందుకు ఆడతారు, ఒరిజినల్ అంటే వాళ్ళకు ఏమిటి. సారు నవ్వి, అది ఆంత్రోపాలజీ కాదమ్మా, వాళ్ళు మామూలు మనుషులు అన్నారు. మేము మామూలు మనుషులం కామని ఆ విధంగా అధికారికంగా తెలిసింది. సీటు ఇంకొకరికి వెళ్ళింది. నేను మరో ఊళ్ళో మరో యూనివర్సిటీలో ఒక మేడమ్‌ని పట్టుకుని, తల తిరిగేంత తిరిగి, అదే విషయం మీద చేరాను. హిందీ మేడమ్‌కి చెబితే, "ఏ సదువు సదివినా ఉజ్జోగం ఎలాగూ రాదు. నవ్వొచ్చీదైనా సదువుతన్నావు" అని మెచ్చుకుని, "థీసిస్ అట్టుకుని రా. ఉత్త సేతుల్తో వచ్చావంటే నా మగ్గు నాకాడే ఉంటాది" అని హెచ్చరించింది.

అప్పటి నుంచి ఏ పండగకీ థీసిస్ పూర్తవలేదు. ఏ పండగకీ ఆవిడ మగ్గు గురి తప్పలేదు. ఆఖరికి నిలబడలేక గెడ పక్కన స్టూలేసుకుని కూచుంది, నన్ను వంగమని చెప్పి పోసింది. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు మాత్రం నా జోలికి వచ్చేవాళ్ళు కాదు. చదువుకున్నదాన్ని, రేపో మాపో ఆఫీసర్నవుతానని వాళ్ళ అనుమానం.

మేడమ్‌ని చర్చి వెనక సమాధుల దొడ్లో పెట్టాం. దిగువ నుంచి అన్నకొడుకులు బండి వేసుకుని వచ్చి సొంతూరు తీసుకెళ్తామన్నారు. ఎప్పుడూ ఒకమాట మీద నిలబడని మా ఊరు ఆ రోజు నిలబడింది. చివరికి ఆవిడకు ట్రాన్స్‌ఫరు వచ్చింది, చర్చి పక్క నుంచి చర్చి వెనక్కి.

అది జరిగిన కొద్దిరోజులకే ఇటుకల పండగ వచ్చింది. వెళ్ళాలా వద్దా అని ఆలోచించి, ఆలోచించడం మానేసి, బస్సెక్కాను. థీసిస్ ఆఖరి అధ్యాయం ఇంకా గైడు దగ్గరే ఉంది, ఉద్యోగం ఎక్కడా లేదు. హుకుంపేటలో దిగి ఆటో పట్టుకుని వచ్చాను. మలుపులో గెడ అడ్డంగా ఉంది. గెడ పట్టుకున్న కొత్త కోడళ్ళు నన్ను చూసి, గబగబా గెడ పైకెత్తి, "మీరు ఎల్లండి మేడమ్" అన్నారు.

నేను ఆటో దిగి, గెడకి ఇవతలే నిలబడ్డాను. ఎటు పోవాలో తెలియలేదు. ఆ స్టూలు ఉండే చోట ఏమీ లేదు.

ఆడవాళ్ళని తోసుకుంటూ మా అమ్మ వచ్చింది. చేతిలో నీలం మగ్గు ఉంది. ఎత్తిన గెడని చేత్తో కిందికి నొక్కి, మేడమ్ అడిగే మాటనే మా ఇంటి మాటలోకి తిప్పి అడిగింది.

"ఏటి తెచ్చావే?"

"ఏటీ తేలేదమ్మా."

నీళ్ళు మొహం మీదే పడ్డాయి. మేడమ్ ఎప్పుడూ నెత్తిన పోసేది, అమ్మకి ఇంకా అలవాటు లేదు. నాకు ఏడుపొచ్చింది. కోడళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మా అమ్మని చూసి ధైర్యం చేసి, నవ్వడం మొదలుపెట్టారు. అమ్మ కొంగుతో నా కళ్ళ మీద పేడ తుడిచి, "మళ్ళీ ఎల్తావేటి?" అంది.

"ఎల్తానమ్మా" అన్నాను.